అశోకుని చూసినవారు, చదివినవారు

చారిత్రక చిత్రం ఒకటి విడుదల కాబోతున్నదన్న వార్త వస్తే చాలు, దేశ రాజధానిలో కొందరికి చరిత్రమీద ఎక్కడలేని అభిమానం పుట్టుకువస్తుంది. అవి పార్లమెంటు సమావేశాల రోజులైతే ఇక చెప్పనక్కరలేదు. జీరో అవర్‌లో ఒక సభ్యుడు లేచి తమ ప్రాంతపు రాజును అవమానించారంటాడు. ఇంకొకాయన లేచి ఆ రాజు అసలు తమ కులంవాడని సెలవిస్తాడు. సభ వాయిదా పడిన తర్వాత ఆవరణలో పట్టుకుని, "తమరు చిత్రం చూశారా?" అని అడిగితే, "చూడవలసిన పనేమున్నది?" అన్న సమాధానం వస్తుంది. పత్రికల గ్యాలరీలో చాలాకాలంగా కూర్చుంటున్నవాణ్ణి కనుక ఈ తంతు నాకు కొత్త కాదు. విచారించవలసిన సంగతి మరొకటున్నది. చూడనివారి అభిప్రాయాలకు లభించే ప్రచారంలో పదోవంతైనా, టిక్కెట్టు కొని చూసినవారి అభిప్రాయాలకు లభించడంలేదు. ఈ వారం ఆ చూసినవారి మాటలను పరిశీలించదలచాను.

ఉదాహరణకు 'అశోక' అనే హిందీ చిత్రాన్ని తీసుకుంటాను. 2001 అక్టోబరులో విడుదలైన ఆ చిత్రానికి సంతోష్ శివన్ దర్శకుడు. షారుఖ్ ఖాన్ అశోకుడుగాను, కరీనా కపూర్ కళింగ రాకుమారి కౌర్వకిగాను నటించారు. మనకు తెలిసిన ప్రాచీన రాజులలో అశోకునివంటివాడు వేరొకడు లేడు. యుద్ధంలో గెలిచి, ఆ గెలుపునకు తాను విచారపడుతున్నానని రాళ్లమీద చెక్కించినవాడు అతడు. అటువంటివానిమీద తీసిన చిత్రంగనుక దానిపై వచ్చిన అభిప్రాయాలుకూడా పరిశీలింపదగినవే. రెండు దశాబ్దాలు దాటినా, టెలివిజన్‌లో ఆ చిత్రం వచ్చినప్పుడల్లా ఢిల్లీ ఇళ్లలో అవే వాదాలు మళ్లీ చెలరేగడం నేను గమనించాను.

మొదటి రకం అభిప్రాయం సామాన్య ప్రేక్షకునిది. అశోకుణ్ణి చూద్దామని వెళ్లితే ప్రేమికుడు కనిపించాడని అతని ఫిర్యాదు. యువరాజు మారుపేరుతో అడవులలో తిరగడం, పాటలు, నృత్యాలు, విరహం ఇవన్నీ చిత్రంలో ప్రధాన భాగాన్ని ఆక్రమించాయి. కళింగ యుద్ధం ముగింపు ఘట్టమైంది. రాజు ఖడ్గం విడిచిపెట్టడంతో కథ సమాప్తం. చరిత్ర దృష్ట్యా చూస్తే అసలు అశోకుడు ఆరంభమయ్యేది అక్కడే. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, అంటే సుమారు క్రీస్తు పూర్వం 261లో కళింగను జయించాడు. ఆ తర్వాత ఇంచుమించు మూడు దశాబ్దాలు రాజ్యం చేశాడు. బావులు తవ్వించినదీ, మర్రిచెట్లు నాటించినదీ, మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినదీ, ధర్మ మహామాత్రులను నియమించినదీ ఆ కాలంలోనే. వీటిలో ఒక్కటీ తెరకెక్కలేదు. బావి తవ్వడం చూడటానికి ఎవరు డబ్బిస్తారని నిర్మాత అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమే. అయినా సామాన్య ప్రేక్షకుడు ఏ గ్రంథమూ తిరగవేయకుండానే లోపమెక్కడున్నదో సరిగా పట్టుకున్నాడనక తప్పదు.

రెండవ రకం అభిప్రాయం చదువుకున్నవారిది. ఇది చరిత్రేనా అని వారి ప్రశ్న. కౌర్వకి సంగతి చూడండి. అలహాబాదు స్తంభంమీద ఒక చిన్న శాసనమున్నది. రెండవ రాణి చేసిన దానాలను, అది మామిడితోపు కానివ్వండి, ఉద్యానం కానివ్వండి, సత్రం కానివ్వండి, ఆమె పేరనే లెక్క వేయాలని అధికారులకు అందులో ఆజ్ఞ. ఆమె తీవరుని తల్లి అనీ, పేరు కారువాకి అనీ ఆ శాసనం చెబుతున్నది. ఆమె కళింగ రాకుమారి అనిగానీ, కత్తి పట్టి యుద్ధం చేసిందనిగానీ అందులో లేదు. ఒక్క పేరును ఆధారం చేసుకుని దర్శకుడు ఒక జీవితాన్ని కల్పించాడు. కవులకూ నాటకకర్తలకూ మన దేశంలో అనాదిగా ఉన్న స్వేచ్ఛే ఇది. దానిని కాదనలేము. కానీ తన దానం తన పేరనే చెల్లాలని పట్టుబట్టిన రాణి, కత్తి తిప్పే రాకుమారికంటే తక్కువ ఆసక్తికరమైన వ్యక్తి అని నాకు తోచదు.

సోదరుల హత్య విషయంకూడా ఇటువంటిదే. అశోకుడు సింహాసనంకోసం తొంభైతొమ్మిదిమంది అన్నదమ్ములను చంపించాడని సింహళ బౌద్ధ గ్రంథాల కథనం. కానీ అతని అయిదవ శిలాశాసనంలో తన సోదరుల, అక్కచెల్లెళ్ల గృహాల ప్రస్తావన వస్తుంది. బౌద్ధంలోకి రాకముందు రాజు ఎంత క్రూరుడైతే, వచ్చిన తర్వాత మతమహిమ అంతగా ప్రకాశిస్తుందన్నది ఆ గ్రంథకర్తల ఉద్దేశం కాబోలు. సినిమా రచయితలకంటే ఎన్నో శతాబ్దాలముందే ఈ కథకు నాటకీయతను కూర్చినవారున్నారన్నమాట.

మూడవ రకం అభిప్రాయం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఒడిషా పత్రికకు ఇక్కడ ప్రతినిధిగా పనిచేసిన ఒక మిత్రుడు ఆ చిత్రం చూసివచ్చి, నటన గురించి ఒక్క మాటైనా అనలేదు. "మీ రాజుగారి మనసు మారడానికి మావాళ్లు లక్షమంది చావవలసివచ్చింది. చిత్రమంతా ఆయన కన్నీరే. చచ్చినవాడి పేరు ఒక్కటైనా ఎవరికైనా తెలుసునా?" అన్నాడు. ఇది కోపంతో అన్నమాట కాదు. చిత్రాన్ని నిషేధించాలని అతడు కోరలేదు, థియేటరు అద్దాలు పగలగొట్టాలనీ కోరలేదు. విజేత పశ్చాత్తాపాన్ని మనం ఎంతగా మెచ్చుకున్నా, పరాజితుని వైపునుంచి చూసేవారికి ఆ మెప్పు వేరుగా వినిపిస్తుందని మాత్రమే చెప్పాడు.

ఆ మాట విన్న తర్వాత శాసనాల అనువాదాన్ని మళ్లీ తెరిచాను. కళింగ యుద్ధాన్ని గురించి అశోకుడు చెప్పుకున్నది పదమూడవ శిలాశాసనంలో. లక్షన్నరమందిని బందీలుగా తరలించినట్లు, లక్షమంది హతులైనట్లు, అంతకు ఎన్నో రెట్లు మరణించినట్లు రాజే చెబుతాడు. బతికినవారికి ఆప్తుల నాశనంవల్ల కలిగిన దుఃఖాన్నికూడా లెక్కలోకి తీసుకుంటాడు. పెషావరు వైపు షాబాజ్‌గఢీలోను, డెహ్రాడూన్ దగ్గర కాల్సీలోను, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోను ఈ శాసనమున్నది. ధర్మాన్ని అనుసరిస్తున్న జనుల పట్టికలో ఆంధ్రుల పేరుకూడా దీనిలోనే వస్తుంది.

కానీ కళింగదేశంలో ఈ శాసనం లేదు. భువనేశ్వరం సమీపాన ధౌలిలో అశోకుని శాసనాలున్నాయి. గంజాం జిల్లా జౌగడలోనూ ఉన్నాయి. ఆ రెండు చోట్లా పదమూడవ శాసనాన్ని వదలివేసి, దాని బదులు ప్రత్యేక శాసనాలు వేయించారు. మనుషులందరూ తన సంతానంవంటివారని ఆ ప్రత్యేక శాసనాలలో రాజు అంటాడు. నిష్కారణంగా ఎవరినీ చెరలో పెట్టవద్దనీ, హింసించవద్దనీ అధికారులను హెచ్చరిస్తాడు. యుద్ధం ప్రస్తావన, మృతుల సంఖ్య, విచారం ఏవీ అందులో లేవు. గాంధారంలోని ప్రజలకూ, ఎర్రగుడి ప్రజలకూ చెప్పుకున్న పశ్చాత్తాపాన్ని, గాయపడిన కళింగులకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? మానుతున్న పుండును కెలకడం ఇష్టంలేకనా? ఓడినవారికి తమ సంఖ్య, తమ దుఃఖం గుర్తుచేస్తే మళ్లీ తిరగబడతారన్న రాజనీతివల్లనా? ఓడినవారి ముఖంమీద క్షమాపణ చెప్పుకోవడం చక్రవర్తులకు సైతం సాధ్యం కాదా? పైగా అదే పదమూడవ శాసనంలో, అటవికులు తన విచారాన్ని చూసి అలుసుగా తీసుకోరాదనీ, శిక్షించే బలం తనకు ఇంకా ఉన్నదనీ హెచ్చరికకూడా చేర్చాడు. కన్నీరు, రాజదండం రెండూ ఒకే రాతిమీద ఉన్నాయి. రెండున్నర గంటల చిత్రం తీయడానికి ఇంతకంటే గొప్ప కథావస్తువు ఏమి కావాలి? నా ఒడిషా మిత్రుడు ఏ శాసనమూ చూడకుండా కేవలం తెరను చూసి లేవనెత్తిన ప్రశ్న, రాతిలోని ఈ ఖాళీవద్దకే తీసుకుపోయింది. ప్రేక్షకుని అభిప్రాయానికి విలువ ఉన్నదని నేననడానికి కారణమిదే.

ఇక చూడనివారి సంగతి. చదవనివారి వ్యాఖ్యానానికి ఢిల్లీలో ఆరు శతాబ్దాలకు మించిన సంప్రదాయమున్నది. ఫిరోజ్ షా తుగ్లక్ పద్నాలుగవ శతాబ్దిలో తోప్రానుంచి ఒక అశోక స్తంభాన్ని ఈ నగరానికి తెప్పించాడు. దూదిలోను, తోళ్లలోను పొదిగి, నలభైరెండు చక్రాల బండిమీద యమునవరకు లాగించి, పడవలపై ఇక్కడకు చేర్చారు. నేటికీ అది ఫిరోజ్ షా కోట్లాలో నిలిచి ఉన్నది. దానిమీది అక్షరాలేమిటో చెప్పమని సుల్తాను పండితులను పిలిపించాడు. బ్రాహ్మీ లిపిని చదవగలవారు అప్పటికి ఎవరూ మిగలలేదు. అయినా కొందరు, ఫిరోజ్ అనే రాజు వచ్చేవరకు ఈ స్తంభాన్ని ఎవరూ కదల్చలేరని దానిమీద రాసి ఉన్నదని విన్నవించారట. ఆ కాలపు చరిత్రకారుడు షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ ఈ ముచ్చటను రికార్డు చేశాడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ లిపిని ఛేదించిన తర్వాతగానీ దానిమీద ఉన్నవి ధర్మబోధలని తెలియలేదు.

రాయి చదవడం రాకపోయినా, ప్రభువు ముఖం చదవడం వచ్చినవారికి ఏ యుగంలోనూ కొరత లేదు. 2022 జనవరిలో ఏమి జరిగిందో గుర్తుచేసుకోండి. 'సమ్రాట్ అశోక్' అనే హిందీ నాటకానికి దయాప్రకాశ్ సిన్హాకు 2021 సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ తర్వాత ఒక పత్రికా సంభాషణలో ఆయన అశోకుణ్ణి ఔరంగజేబుతో పోల్చారన్నదానిపై బీహారులో దుమారం లేచింది. నాడు అక్కడ కలిసి అధికారంలో ఉన్న భారతీయ జనతా పార్టీ, జనతాదళ్ యునైటెడ్ పరస్పరం తలపడ్డాయి. రచయితకిచ్చిన గౌరవాలను వెనక్కు తీసుకోవాలని కొందరు నాయకులు కోరారు. నాటకం ప్రదర్శనను ఎందరు చూశారో, పుస్తకాన్ని ఎందరు చదివారో ఆ వాదవివాదాలలో ఎవరూ అడగలేదు. అశోకుడు తమవాడని చెప్పుకునే కుష్వాహా వర్గం బీహారు ఎన్నికలలో లెక్కకు వచ్చే సంఖ్యలో ఉన్నది. పుట్టినతేదీ ఏ శాసనంలోనూ లేని చక్రవర్తికి జయంతులు జరుపుతున్నారు. చరిత్రకారులకు కులం తెలియదు, రాజకీయ పక్షాలకు మాత్రం నియోజకవర్గంవారీగా తెలుసు.

అదే ఏడాది జూలై 11న కొత్త పార్లమెంటు భవనంపై జాతీయ చిహ్నాన్ని ఆవిష్కరించినప్పుడు, మళ్లీ అశోకుని సింహాలమీద రభస జరిగింది. సారనాథ్ సింహాలు ప్రశాంతంగా ఉంటాయనీ, ఇవి కోరలు చూపుతున్నాయనీ ప్రతిపక్షాలు విమర్శించాయి. సారనాథ్ శిల్పం ఎత్తు 1.6 మీటర్లు, కొత్తది 6.5 మీటర్లు, కింది నుంచి చూస్తే అలాగే కనిపిస్తుందని ప్రభుత్వం సమాధానమిచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎటువంటి భావన కలుగుతుందన్నది చూసేవారి మనస్సునుబట్టి ఉంటుందన్న అభిప్రాయంతో న్యాయమూర్తులు సెప్టెంబరులో పిటిషన్‌ను తోసిపుచ్చారు. చట్టరీత్యా ఆ మాట చెల్లుతుంది. కానీ చూసేవారి మనస్సు తనంతట తాను తయారుకాదు. అది చదివినదానివల్ల, విన్నదానివల్ల, చూసిన చిత్రాలవల్ల రూపొందుతుంది.

ప్రేక్షకుడంటే ప్రభుత్వాలకు భయం లేకపోలేదు. 1941లో సొహ్రాబ్ మోడీ 'సికందర్' చిత్రం వచ్చినప్పుడు, పురుషోత్తముని ప్రతాపం చూసి సైనికులలో దేశాభిమానం రగులుతుందేమోనన్న శంకతో బ్రిటిష్ పాలకులు కొన్ని కంటోన్మెంట్లలో దానిని ఆడనివ్వలేదు. స్వతంత్ర భారతంలోనూ ఆ భయం పోలేదు. అయితే మన న్యాయస్థానాలు ఈ విషయంలో ధైర్యంగానే వ్యవహరించాయని చెప్పాలి. 1988లో దూరదర్శన్ 'తమస్' ధారావాహికపై వచ్చిన వ్యాజ్యంలో, దుర్బల మనస్కుల దృష్టితో కాక వివేకమూ నిబ్బరమూ గల మనుషుల దృష్టితో చిత్రాన్ని తూచాలని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరుసటి ఏడు ఒక తమిళ చిత్రం వ్యాజ్యంలో, కోపించిన ప్రేక్షకులను అదుపు చేయలేమని చెప్పుకోవడం ప్రభుత్వానికి తగదన్నది. 2018 జనవరిలో 'పద్మావత్'పై కొన్ని రాష్ట్రాలు విధించిన నిషేధాన్ని నిలిపివేసింది.

ఆ 'పద్మావత్' వ్యవహారంలో పార్లమెంటుకూడా ఒక పాత్ర వహించింది. 2017 నవంబరు 30న దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీ పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎదుట హాజరై, తన చిత్రానికి మూలం జాయసీ రచించిన కావ్యమని వివరించుకోవలసివచ్చింది. చిత్రం అప్పటికింకా ప్రజలముందుకు రాలేదు. ప్రజాప్రతినిధుల సంఘం కళాకారుని వివరణ కోరడం తప్పని నేననను. కానీ ఆ పక్కనే, చూడకుండానే తలలు నరుకుతామని బహిరంగంగా బెదిరించినవారి గురించి సభలలో అంతటి పట్టుదలతో చర్చ జరిగివుంటే బాగుండేది. బెదిరింపు ఎన్నటికీ అభిప్రాయం కాదు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి చిత్రం బాగులేదని అరిచే హక్కున్నది, అబద్ధమని రాసే హక్కున్నది, తన పూర్వులను చిన్నబుచ్చారని బాధపడే హక్కున్నది. పక్క కుర్చీలోని ప్రేక్షకుణ్ణి చూడకుండా చేసే హక్కు మాత్రం లేదు.

అశోకుడే ఈ విషయంలో మనకు సలహా ఇచ్చిపోయాడు. పన్నెండవ శిలాశాసనంలో వాక్కును అదుపులో ఉంచుకోవడం గురించి అతడు మాట్లాడతాడు. సందర్భం లేకుండా తన మతాన్ని పొగడుకోవడం, ఇతరుల మతాన్ని నిందించడం కూడదనీ, సందర్భమున్నప్పుడు సైతం మితంగానే ఉండాలనీ, ఒకరి ధర్మాన్ని మరొకరు ఆలకించాలనీ దాని సారాంశం. ఆలకించమన్నాడుగానీ అంగీకరించమనలేదు. ప్రేక్షకుల విషయంలోనూ అతనికి అనుభవమున్నది. మొదటి శాసనంలో, జనం గుమికూడే ఉత్సవాలలో దోషాలున్నాయని వాటిని వద్దన్నాడు, మంచివికూడా కొన్ని ఉన్నాయని వెంటనే ఒప్పుకున్నాడు. నాలుగవ శాసనంలో, విమానాలు, ఏనుగులు, అగ్నిరాశులు, దివ్యరూపాలు ప్రజలకు చూపించినట్లు చెప్పుకున్నాడు. ధర్మప్రచారానికి దృశ్యం అవసరమని చక్రవర్తికి తెలుసు. ధౌలి శాసనాన్ని నియమిత దినాలలో చదివి వినిపించాలనీ, మధ్యకాలంలో ఒక్క మనిషి ఉన్నా వినిపించవచ్చుననీ ఆజ్ఞాపించాడు.

ఆ ఒక్క మనిషే నాకు ముఖ్యం. చారిత్రక చిత్రాలు ఇకమీదటా వస్తాయి, వాటిలో కల్పన ఉంటుంది. దానిని సెన్సారు కత్తెరతో సరిచేయాలని కోరడం వృథా, ప్రమాదకరంకూడా. నిర్మాతలు స్వచ్ఛందంగా ఒక పని చేయవచ్చు. చిత్రం ముగిసిన తర్వాత, ఆధారాలున్న విషయాలేవి, తాము కల్పించినవేవి అన్నది రెండు నిమిషాలు తెరమీద చూపించవచ్చు. ప్రభుత్వాలు చేయవలసినది మరొకటున్నది. ఎర్రగుడిలో తెలుగులోను, ధౌలిలో ఒడియాలోను, కోట్లాలో హిందీలోను, ఆ రాళ్లమీద ఉన్న మాటల పూర్తి అనువాదం, సామాన్యుడు చదువుకునే భాషలో, చవకగా దొరికేటట్లు చూడాలి. పాఠశాల పిల్లలకు పదమూడవ శాసనాన్ని చదివించి, ఇది ధౌలిలో ఎందుకు లేదో ఆలోచించమని అడగాలి. జవాబు ఒక్కటే రానవసరంలేదు.

అటువంటి ప్రశ్న ఎదుర్కొన్న పిల్లవాడు రేపు ఏ రాజు చిత్రానికి వెళ్లినా, పాటలను ఆనందించి, యుద్ధానికి చప్పట్లు కొట్టి, ఇంటికి వచ్చిన తర్వాత నా ఒడిషా మిత్రునిలాగా ఓడినవారి గురించి అడుగుతాడు. రాజుగారి కులం చెప్పి అతని ఓటు అడగడం అప్పుడు అంత తేలిక కాదు.